పసుపు కొమ్మూ, నా తొమ్మిది రెక్కల చాకూ

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి, లేకపోతే ఇంట్లోవాళ్లు ఆరోగ్యం బాగాలేదేమోనని అనుమానపడతారు. ఎనభైల చివర్లో మా ఆర్మూరులో నా ఈడువాళ్లకి సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి, దుబాయి వీసా పిచ్చి ఉండేవి. నాకు మాత్రం మడత చాకుల పిచ్చి. అంగడిలో, జాతరలో, బస్టాండు ముందు గోనెపట్టా పరిచి అమ్మేవాడి దగ్గర, ఎక్కడ చాకు మెరిస్తే అక్కడ నా కాళ్లు ఆగిపోయేవి. చేప ఆకారంలో ఇత్తడి పిడి చాకు, గేదె కొమ్ము పిడి చాకు, తాళంచెవుల గుత్తికి వేలాడే వేలెడంత చాకు, ఇలా మొత్తం పదకొండు పోగేశాను. (అందులో మూడు తెరుచుకోవు, రెండు మూసుకోవు, మిగతా ఆరూ దేన్నీ కోయవు. సేకరణ గొప్పదనం కోయడంలో ఉండదు లెండి.) బీడీలు చుడుతూ మా అమ్మ ఒకసారి తన కత్తెర మొద్దుబారిందని నా చాకుల్లో ఒకటి అడిగింది. తునికాకు మీద పెట్టి నాలుగుసార్లు లాగి, "గిదేం చాకురా, ఆకును నిమురుతున్నదిగని కోస్తలేదు" అని వెనక్కి పడేసింది.

ఇంతలో మా వీధి బాబాయి దుబాయి నుంచి సెలవుకి వచ్చాడు. ఆయన జేబులోంచి ఎర్రటి పిడి ఉన్న చాకు ఒకటి బయటికొచ్చింది. దాంట్లోంచి ఆరు రెక్కలు నెమలి పురి విప్పినట్టు విచ్చుకున్నాయి. ముట్టుకోబోతే, "జర దూరంకెళ్లి సూడు, చెమట వడ్తె తుప్పు వడ్తది" అన్నాడు. ఆ మాట నా గుండెలో ఆరు చోట్ల దిగింది.

ఆ రాత్రే నోటుబుక్కు తీసి తొమ్మిది రెక్కల చాకుకి బొమ్మ గీశాను. ఒక రెక్క పసుపు కొమ్ము కోయడానికి, ఒకటి తునికాకుకి, ఒకటి కాలిలో ముల్లు తీయడానికి, ఒకటి బస్తా కుట్లు విప్పడానికి, ఒకటి చెవిలో గుబిలికి, ఒకటి గోలీసోడా గోలీని లోపలికి నొక్కడానికి, ఒకటి పెన్సిలుకి, ఒకటి మామిడికాయకి. తొమ్మిదోది దేనికో నాకూ తెలియదు, ఎనిమిది అంటే చప్పగా ఉంటుందని పెట్టాను. బొమ్మ పట్టుకెళ్లి కమ్మరి తాతకి చూపిస్తే, ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి చూసి, "నాగలి కర్రు చెయ్యమంటరు, కొడవలి చెయ్యమంటరు, గీ తేలును ఎవ్వలు చెయ్యమనలే బిడ్డా" అన్నాడు. నెల రోజులు తిప్పించుకుని చేసిచ్చాడు. దాని బరువుకి నా ప్యాంటు కుడివైపు జారేది, నేను ఎడమవైపు వంగి నడిచేవాణ్ణి. ఒక రెక్క లాగితే మొహమాటానికి మరో రెండు కూడా వచ్చేవి. అయినా ఊళ్లో నా అంతటి మొనగాడు లేడనుకున్నాను.

అప్పట్లో నేను మా మేనమామ పసుపు అడ్తిలో, అంటే రైతుల సరుకు కమీషన్‌కి అమ్మిపెట్టే కొట్లో, పనిచేసేవాణ్ణి. రైతులు సరుకు తెచ్చి మా ముందు కుప్ప పోస్తారు, కొనే సేట్లు వచ్చి కొమ్ము తీసుకుని రెండు చేతులతో విరుస్తారు. ఎండిన కొమ్ము కత్తికి లొంగదు, విరిస్తే టక్కున విరుగుతుంది, లోపలి రంగు చూసి ధర చెబుతారు. పచ్చి కొమ్ము విరగదు, వంగుతుంది. దాన్ని చూడాలంటే కత్తి పెట్టి కోయాల్సిందే. ఇది బజారులో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ జేబులో తొమ్మిది రెక్కలున్న మనిషికి తెలిసినవన్నీ గుర్తుంటాయా?

ఆ రోజు ఆలూరు నుంచి ఒక ముసలి రైతు ఏడాది పంట తెచ్చి కుప్ప పోశాడు. పెద్ద సేటు వంగి కొమ్ము తీశాడు. వెనక ఇంకో నలుగురు సేట్లు. ఇంతమంది మళ్లీ ఎప్పుడు దొరుకుతారు?

"ఆగుండ్రి సేటూ, నేను కోసి సూపిస్త" అని ఠపీమని చాకు తీశాను.

సేటు కొమ్మును మెల్లగా కుప్పలోకి వదిలేసి చెయ్యి తుడుచుకున్నాడు. వెనకవాళ్లు పక్క కుప్ప వైపు జరిగారు. మామ నా చెవి దగ్గరికొచ్చి పళ్లు కొరికాడు. "ఓరి దరిద్రుడా! ఇరిగే కొమ్ముకు కత్తెందుకురా? మన అడ్తిల మనమే కత్తి తీస్తిమి, సరుకు పచ్చిదని మనమే సాటింపు ఏస్తిమి!"

ముసలాయనకి అప్పుడు అర్థమైంది. తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "ఇరువై దినాలు ఎండవోసిన. మబ్బు వడ్తె మంచమిడిసి ఉరికిన. నా పసుపు పచ్చిదారా?"

"కాదు తాతా, నేను ఊరికే..."

"ఊరికేనా? తీసినవు గద, కొయ్యి! సేటూ, పోకుండ్రి. గీ పోరడు కోసిండంటె, బండ్లకెత్తుకోని ఇంటికి వోత."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా చాకు కోయకూడదని మా ఊరి సిద్దులగుట్ట మీది గుడి వైపు తిరిగి మొక్కుకున్నాను. కొమ్మును రాతి మీద పెట్టి రెక్క ఆనించాను.

"గట్టిగ నొక్కు! బువ్వ తినలేదా?" అని ముసలాయన అరిచాడు.

కళ్లు మూసుకుని ఒళ్లంతా మోపి నొక్కాను. ఖంగుమని రెక్క విరిగింది. ఆ ముక్క సేటు టోపీ మీదుగా ఎగిరి, బజారు దాటి, గుట్ట మీది రాళ్లలో పడింది. (మా ఆవిడ ఎదురుగా చెప్పేటప్పుడు పక్క బస్తాలో దిగిందంటాను.) కొమ్ము మీద మాత్రం గోటితో గీరినంత గీత. ముసలాయన అదే కొమ్ము అందుకుని టక్కున విరిచి సేటు ముక్కు కింద పెట్టాడు. లోపల పండిన బొప్పాయి రంగు.

నవ్వులతో బజారు ఊగిపోయింది. సేట్లు పక్క కుప్ప వదిలేసి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం అన్నాల వేళకి సరుకంతా అమ్ముడుపోయింది.

పోయేముందు ముసలాయన నా దగ్గరికొచ్చి, "గా ఇరిగిన తునక నాకియ్యి" అన్నాడు. బస్తాలోంచి వెతికి తీసి చేతికివ్వబోతే వెనక్కి తగ్గాడు. "కత్తి చేతికియ్యొద్దు, కొట్లాటైతది. కింద వెట్టు, తీస్కుంట."

"ఇంకేం కొట్లాట తాతా, అయిపాయె గద."

"అయితె అయింది. రేపటికి మిగల్చద్దు" అని నవ్వి, తునకని తలపాగా కొంగులో ముడేసుకున్నాడు.

మరుసటేడు వచ్చి కుప్ప పోసి, ముడి విప్పి, తునకని పసుపు మీద పెట్టాడు. "నా పసుపు మీద ఇరిగిన కత్తి, సూడుండ్రి" అన్నాడు. సేట్లు చుట్టూ మూగారు. ఓపిక ఉన్నన్నేళ్లూ అలాగే చేశాడు. ఇప్పుడు నా బీరువాలో నలభైకి పైగా చాకులున్నాయి, ఒక్కటి చూపించమని అడిగినవాడు లేడు. ఆయన దగ్గరున్నది గోరంత ముక్క, దానికోసం బజారు గుమిగూడేది. నేను గుంపు వెనక నిలబడి, ఎవరూ అడగకపోయినా పక్కవాడి భుజం తట్టి, "గా కత్తి నాదే" అని చెప్పేవాణ్ణి. వాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇరిగినదానికి గింత సంబురమా?" అనేవాడు.

ఉండేది మరి. ఏం చెయ్యను, ఇప్పటికీ ఉంది.