తొమ్మిదో నంబరు జారవిడిచిన బంతులు

నాకంటే ముందు నా అనుమానం పుట్టిందని మా అమ్మ అంటుంది. బతుకుదెరువు కూడా దానికి తగ్గదే దొరికింది. నెల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో, రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు నాది. రైతులు సీసాల్లో నీళ్ళు, కవర్లలో రొయ్యలు తెస్తారు. తన గుంటలో జబ్బు వచ్చిన సంగతి కొనేవాళ్ళకు తెలియకూడదనుకున్న రైతు పక్కవాడి గుంటలో నీళ్ళు ముంచుకొస్తాడు. అందుకే సీసా చేతికి రాగానే ముందు నీళ్ళ వంక కాదు, తెచ్చిన మనిషి మొహం వంక చూస్తాను. "అన్నా, ఇవి నీ గుంట నీళ్ళేనా?" అని మామూలుగా అడుగుతాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే వాళ్ళను ఆ బల్ల దగ్గర చాలామందినే చూశాను.

మధ్యాహ్నం పూట ల్యాబుకు ఎవరూ రారు. ఆ రెండు గంటలూ నేను కంప్యూటర్లో బేస్‌బాల్ ఆడతాను. ఆడటమంటే బ్యాటు ఊపడం కాదు. ఆ గేములో మనం మేనేజరు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరి చేత బంతి వేయించాలి, అలసిపోయినవాణ్ణి ఎప్పుడు దించాలి, అంతవరకే మన పని. మిగతాది కంప్యూటరే లెక్క కట్టి ఆడిస్తుంది. అందులో నాకు పిచ్చి పట్టించినవి పాత జట్ల పందేలు. ఎన్నో ఏళ్ళ కిందట చిత్తుగా ఓడిన ఒక జట్టును అవే ఆటగాళ్ళతో, అవే లోపాలతో మన చేతిలో పెడతారు. అప్పుడు ఓడింది, నువ్వు గెలిపించు చూద్దాం అంటారు. నేను చాలా జట్లను గెలిపించాను. గెలిచాక సంతోషం కంటే ముందు నాకు వచ్చే ఆలోచన ఒకటే. నాకు చేతనైంది అప్పటివాళ్ళకు ఎందుకు చేతకాలేదు? ఎవడో కావాలనే వదిలేసి ఉంటాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందంటారు, ఆ జబ్బు నాకుంది.

రొయ్యల మనిషికి బేస్‌బాల్ ఎలా తెలుసని అడుగుతారేమో. మా హైస్కూల్లో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ జట్టు ఉండేది. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలు, బంతి కాస్త పెద్దది, గ్రౌండు కాస్త చిన్నది, అంతే తేడా. మా డ్రిల్లు సారు ఊరి బయట ఉప్పుబీడులో సున్నంతో గీతలు గీసి ఆడించేవారు. ఫీల్డులో నిలబడే చోటును బట్టే షర్టు నంబరు ఇచ్చేవారు. నాది మూడో బేసు, కొట్టిన బంతి నేరుగా మొహం మీదికి దూసుకొచ్చే దగ్గరి చోటు, ఐదో నంబరు షర్టు. నా స్నేహితురాలిది కుడివైపు దూరంగా, తొమ్మిదో నంబరు. ఆమె వాళ్ళ నాయన టైలరు. మా షర్టులన్నీ ఆయనే కుట్టేవాడు. ఆమె చేతికి అందిన బంతి కింద పడటం నేనెప్పుడూ చూడలేదు. రంజానుకు వాళ్ళింటి పాయసం, క్రిస్మసుకు మా ఇంటి కజ్జికాయలు, రెండిళ్ళ మధ్య ఒకే క్యారేజీ తిరిగేది.

పదో తరగతిలో జిల్లా ఫైనలు దాకా వెళ్ళాం. ఫైనలు నాలుగు రోజుల్లో ఉందనగా నాకు ఆటలమ్మ పోసింది. వేపాకుల మీద పడుకున్నాను. ఇక్కడ మా ఆటల లోకంలో ఒక రివాజు గురించి చెప్పాలి. ఫొటోలతో జట్టు పట్టీ ముందే పంపేస్తారు. గ్రౌండులో అంపైరు చూసేది షర్టు నంబరునే, మొహాన్ని కాదు. ఆటకు రాలేని పిల్ల షర్టును ఇంకో పిల్లకు తొడిగి దించేస్తారు, పట్టీలో పేరు పాతదే ఉంటుంది. ఫైనలు ఆడినట్టు లేకపోతే సర్టిఫికెట్టు రాదు గనక దాన్ని ఎవరూ తప్పనుకోరు. నా కోసమూ అదే చేశారు. మాకంటే రెండేళ్ళు పెద్దదైన ఒక సీనియరు అమ్మాయి సైకిలు మీద మా ఇంటికొచ్చి, నా ఐదో నంబరు షర్టు మా అమ్మ దగ్గర తీసుకెళ్ళింది. కిటికీలోంచి నేనే చూశాను.

ఫైనలు ఓడిపోయాం. స్కోరు కాగితం స్కూలు నోటీసుబోర్డు మీద అంటించారు. నాకు ఒంటికి నీళ్ళు పోశాక పోయి చదివాను. ఆఖరి ఇన్నింగ్సులో తొమ్మిదో నంబరు మూడు బంతులు జారవిడిచింది. ఒకటి కాదు, మూడు. ఐదో నంబరు మాత్రం అద్భుతంగా ఆడింది. సెలక్టర్లు ఆ కాగితం చూసే ఐదో నంబరును రాష్ట్ర శిబిరానికి పిలిచారు, అంటే నన్ను. తొమ్మిదో నంబరును పిలవలేదు. ఎవరో ఆడిన ఆటకు నేను సంచి సర్దుకుని శిబిరానికి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. ఆ సర్టిఫికెట్టుతోనే ఆటల కోటాలో ఆక్వా డిప్లొమా సీటు వచ్చింది, దాంతోనే ఈ ల్యాబు. ఇందులో నాకు అనుమానించదగ్గది ఏమీ కనిపించలేదు. నా అనుమానమంతా తొమ్మిదో నంబరు మీదనే.

ఎందుకంటే ఆ నెలలోనే వాళ్ళ నాయన గెలిచిన స్కూలుకు యూనిఫారాలు కుట్టే పని పట్టాడు. వాళ్ళింట్లో కొత్త కుట్టుమిషను కనిపించింది. నాకు అంతే చాలు. ఆమె మా గుమ్మం దాకా వచ్చిన రోజు నిద్రపోతున్నానని మా అమ్మతో చెప్పించాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే చెప్పించాను. మూడోసారి రాలేదు. తప్పు చేసింది కాబట్టే రాలేదని ఖాయం చేసుకున్నాను. ఇరవై రెండేళ్ళు మాటల్లేవు. ఒకే ఊళ్ళో ఉంటూ, బజార్లో ఎదురైతే నేను ఫోను చూసుకునేదాన్ని.

ఈ ఏడాది వేసవిలో స్కూలు హెచ్చెమ్ మేడం ఫోను చేశారు. ఆడపిల్లల జట్టును మళ్ళీ మొదలుపెడుతున్నారు, కోచ్ కావాలి. నా పాత స్నేహితురాలు, ఆ తొమ్మిదో నంబరే, దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడు ఆమె తండ్రి కొట్లో మిషను కుడుతుంది, సాయంత్రాలు అదే ఉప్పుబీడులో వాడకట్టు పిల్లలకు బంతి పట్టడం నేర్పుతుంది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్నాళ్ళుగా కాచుకుని ఉందో ఊరందరికీ తెలుసు. "మీరు ఆ జట్టు మనిషే గదా, మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు మేడం. నేను తొణక్కుండా, ఆ ఫైనల్లో ఏదో జరిగిందని, ఒకసారి విచారించుకుంటే మంచిదని చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఫోను పెట్టేశాక చెయ్యి కడుక్కోవాలనిపించింది.

విషం చుక్క వేసిన తర్వాత అది విషమేనని రుజువు చేసుకోవాలి గదా. కొడవలూరు రోడ్డు పట్టుకుని బుచ్చిరెడ్డిపాలెం పోయాను. డ్రిల్లు సారు రిటైరై అక్కడే ఉన్నారు. మా ఏడాది స్కోరు పుస్తకాలు కావాలంటే అటక మీది ట్రంకుపెట్టె దింపించి మురిసిపోతూ ఇచ్చారు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ గేములో మన సొంత జట్టును కూడా తయారుచేసుకోవచ్చు. వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని, ఫైనలు తప్ప ఆ ఏడాది మేం ఆడిన ప్రతి మ్యాచీ ఎక్కించాను. ఒక్కొక్క పిల్ల ఎన్ని బంతులు పట్టింది, ఎన్ని వదిలింది, ఎంత దూరం కొట్టింది, అన్నీ. అవతలి స్కూలునూ ఎక్కించాను. నాకు నేనే పాత జట్టు పందెం పెట్టుకున్నాను: ఆ ఫైనలు మళ్ళీ ఆడించి, మా జట్టు ఎలా ఓడిందో పట్టుకోవాలి. ఆడించాను. మళ్ళీ మళ్ళీ ఆడించాను. కొన్నిసార్లు గెలిచాం, కొన్నిసార్లు ఓడాం. ఎన్నిసార్లు ఆడించినా తొమ్మిదో నంబరు ఒక ఇన్నింగ్సులో మూడు బంతులు జారవిడవలేదు. రెండు కూడా విడవలేదు. ఇంకో సంగతి కూడా కనిపించింది. ఐదో నంబరు అసలు ఫైనల్లో ఆడినంత బాగా గేములో ఒక్కసారీ ఆడలేదు. సహజమే, గేములో ఉన్నవి నా అంకెలు, గ్రౌండులో ఆడింది సీనియరు అమ్మాయి. అంత బాగా ఆడిందా అని కాస్త కుళ్ళుకుని ఊరుకున్నాను. తొమ్మిదో నంబరు కాగితాన్ని మాత్రం ప్రింటు తీశాను.

దాన్ని పట్టుకుని మళ్ళీ సారు దగ్గరికి పోయాను. ఆమె కావాలనే వదిలిందని కంప్యూటరే చెబుతోందని, హెచ్చెమ్ మేడానికి మీరూ ఒక మాట చెప్పాలని అడిగాను. సారు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం అంతా చదివారు. మడిచి నా చేతికే తిరిగిచ్చారు.

"కంప్యూటరు చెప్పింది కరెక్టేమ్మా. ఆ పిల్ల చేతిలోంచి మూడు బంతులు పోవు," అన్నారు. "తొమ్మిదో నంబరు ఎందుకు వదిలిందని ఇన్నేళ్ళు తలకాయ బద్దలుకొట్టుకున్నావు. ఐదో నంబరు ఎవరని ఒక్కసారి అడగలేదే?"

సీనియరు అమ్మాయి కదా సార్ అన్నాను. నా షర్టు ఆమే తీసుకెళ్ళింది, నేను చూశాను.

"షర్టు తెచ్చి నా చేతికిచ్చింది, అంతవరకే. ఏడాది బట్టి బంతి ముట్టుకోని పిల్లను మూడో బేసులో నిలబెడితే పళ్ళు రాలిపోవా? నీ స్నేహితురాలే వచ్చి, ఐదో నంబరు నేనేసుకుంటా సార్, దాని పేరు మీద తప్పులు పడకూడదు అనింది. ఆ సీనియరుకు తొమ్మిదో నంబరు తొడిగి దూరంగా నిలబెట్టినా. అటుపక్కకు బంతులు ఎప్పుడో గానీ రావు. ఆ రోజే వచ్చినాయి."

షర్టుల మాట బయటపడితే అందరి సర్టిఫికెట్లూ పోతాయని సారు ఆ రోజే పిల్లలందరి చేతా ఒట్టు వేయించారట. నాకు మాత్రం తానే చెబుతానని ఆమె అడిగి ఒప్పించుకుందట. చెప్పడానికే మా గుమ్మం దాకా వచ్చింది, రెండుసార్లు. శిబిరానికి నన్ను పిలిపించిన ఆట ఆమెది. ఆమెను పిలవకుండా చేసిన తప్పులు ఇంకొకరివి. రివాజు నాకు తెలియనిది కాదు. ఒక షర్టు మారిందని తెలిసీ, రెండో షర్టు కూడా మారి ఉండొచ్చని తోచలేదు. ఊళ్ళో ప్రతి సీసానూ అనుమానించినదాన్ని, నాకు లాభం వచ్చిన సీసా మూత మాత్రం తీసి చూడలేదు. సారు ముందు నాకు ఏడుపొచ్చింది. ఆయన వద్దనలేదు, ఓదార్చనూ లేదు.

అక్కణ్ణుంచి నేరుగా స్కూలుకు పోయాను. నేను నోరు తెరిచేలోపే హెచ్చెమ్ మేడం ఒక సంగతి చెప్పారు. నా మాట ఎలాగో బయటికి పొక్కి, ముందురోజే ఆమె వచ్చి, దరఖాస్తు మేడం దగ్గరే వదిలేసి, ఉద్యోగం వద్దని చెప్పి పోయింది. కారణం చెప్పలేదు. నేను జరిగిందంతా చెప్పాను, ఆ ఫైనల్లో నేను లేనేలేనని, ఐదో నంబరు ఆమేనని. ఈ మాట బయటపడితే మీ డిప్లొమాకే ఎసరొస్తుంది, ఆలోచించుకోండి అన్నారు మేడం. తెల్లకాగితం అడిగి రాసిచ్చాను, కింద సంతకం పెట్టాను. మేడం దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆమె ఒప్పుకుంటే ఉద్యోగం ఆమెదేనని, ఆమెను ఒప్పించే పని మాత్రం మీదేనని దరఖాస్తు నా చేతిలో పెట్టారు.

టైలరు కొట్లో ఆమె ఒక్కతే ఉంది. ఏదో స్కూలు గౌను కుడుతోంది. తలెత్తి నన్ను చూసి మళ్ళీ సూది వైపు చూసింది. నిలబడే చెప్పాను, సారు చెప్పిందీ, నేను రాసిచ్చిందీ. కంప్యూటరు సంగతి కూడా దాచలేదు. క్షమించమన్నాను. దరఖాస్తు బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని తీసుకుని చదివి, మడిచి, టేపు పక్కన పెట్టుకుంది. సోమవారం నుంచి వస్తానని మేడానికి చెప్పమంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"ఎవరెవరినో అడిగినావు. పుస్తకాలను అడిగినావు, కంప్యూటర్ను వందసార్లు అడిగినావు," అంది ఆమె, కోపం కూడా లేకుండా. "ఇరవై రెండేళ్ళలో నన్నొక్కసారి అడిగినావా మే?"

లేదు. అందుకే అప్పుడు అడిగాను, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని. నాకు తెలిసిందే అయినా ఆమె నోటితో వినాలి. ఆమె మిషను ఆపింది. చేతిలో దారం తుంచుకుని, ఎండ చాలా ఎక్కువగా ఉండిందని, గ్రౌండుకు పోయేముందు నా షర్టు తనకు భుజాల దగ్గర బిగుతైతే వాళ్ళ నాయన బస్టాండులోనే కుట్లు విప్పి వదులు చేశాడని చెప్పడం మొదలుపెట్టింది.