దీనమ్మ తెల్లచీర

2021 డిసెంబరు. గజపతినగరంలో మా పెరట్లోనే పాతబట్టలకు రంగులు వేస్తుంటాను. ఆ నెల వచ్చిందంటే నాకు ఊపిరాడదు. చర్చికి వెళ్లే కుటుంబాల్లో పెళ్లికూతురు తెల్లచీర కడుతుంది. తరవాత దాన్ని కట్టే సందర్భాలు తక్కువ. పెట్టెలో మగ్గే బదులు ఏ గులాబీరంగో వేయించుకుని క్రిస్మస్‌కి కట్టుకుంటారు. మంచి పద్ధతే, నాకూ నాలుగు మెతుకులు దొరుకుతాయి.

ఆ ఏడు సువార్త అనే ఆవిడ తెచ్చిన తెల్లచీర అసలైన పట్టు. ఎవరిదని అడిగితే, "మాదేనమ్మా, ఊరికే పడున్నాది" అంది. మెరూన్ కావాలంది. పట్టుకు యాసిడ్ డై వాడతాం, అంటే వెనిగర్ కలిపిన వేడినీళ్లలో ఎక్కే రంగు. ఎక్కడా మచ్చ లేకుండా పట్టింది. నా చేతిపనికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులకు ఆమె అత్త దీనమ్మ ఆ చీర సంకలో పెట్టుకుని వచ్చింది. గుండెజబ్బు మనిషి, మెట్టు ఎక్కేసరికి ఆయాసం. మంచినీళ్లిస్తే ముట్టలేదు.

"ఇది నా పెళ్లిసీర. నేను పోయాక నన్ను పెట్టెలో పెట్టినప్పుడు ఇదే కట్టమని ఇంట్లో అందరికీ సెప్పి ఉంచాను. మళ్లీ తెలుపు సెయ్యగలవేటమ్మా?"

స్ట్రిప్పింగ్ అని ఉంది, ఎక్కిన రంగును మందుతో దింపడం. చీర మొత్తం ముంచే ధైర్యం లేక, లోపల దోపుకునే కొసను మాత్రం ముంచి చూశాను. ఎరుపు కొంత దిగింది కానీ తెలుపు రాలేదు. చీము నెత్తురు కలిసినట్టు ఏదో రంగు తేలింది. వేలితో నొక్కితే పోగులు విడిపోయాయి. దీనమ్మ ఆ కొసను తడిమి చూసి, చీర మడత పెట్టుకుంది.

"నీ తప్పేటుంది తల్లీ. నేనింకా బతికే ఉన్నాను. ఒక్క మాట అడగాల్సింది నన్ను."

నాకు ఒళ్లు మండిపోయి ఆ సాయంత్రమే సువార్తను వాళ్లింటికెళ్లి నిలదీశాను. ఆమె మొగుడు, అంటే దీనమ్మ కొడుకు, పక్కనే కూర్చుని ఫోన్లోంచి తల ఎత్తలేదు. సువార్త మాత్రం తడుముకోకుండా జవాబిచ్చింది.

"మట్టిలో పెట్టడానికి అంత మంచి పట్టేటమ్మా?"

క్రిస్మస్‌కి ఆ చీరే కట్టింది. చెడిన కొస లోపలికి పోయింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఫిబ్రవరిలో దీనమ్మ పోయింది. బజారులో అప్పటికప్పుడు కొన్న తెల్లచీర కట్టారు, గంజి వాసన కూడా పోలేదు. ఆ పెట్టె దగ్గర నిలబడినంతసేపూ నాకు నా చేతుల మీదే అసహ్యం వేసింది.

నెల తిరక్కుండా సువార్త మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి, నా చెయ్యి మంచిదని వాళ్లకు చెప్పింది.

అప్పటినుంచి చీర తెచ్చినవాళ్లను ఎవరిదని అడగడం మానేశాను. అందరూ మాదే అంటారు. పెళ్లిలో కట్టినావిడ బతికుందా, ఆవిడకు తెలుసా అని అడుగుతాను. రంగు వేయడమే గాని తీయడం నా చేతిలో లేదని ఆ కొస నేర్పింది. కొందరు మొహం మాడ్చుకుని చీర పట్టుకుపోతారు. విజయనగరంలో వేయించుకుంటున్నారట.