అంబదాస్ వేసిన తొమ్మిది

అంబదాస్ గట్టిగా మాట్లాడతాడు. పాతికేళ్లు మగ్గాల రొదలో ఉన్న చెవులు మరి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్లప్పుడు సూరత్ వచ్చి మగ్గం నడిపాడు. నడుము పోయాక అదే ఊళ్లోని లింబాయత్‌లో చీరల గోదాముకు మేస్త్రీ అయ్యాడు. చీరలు మడతపెట్టే పన్నెండు మంది ఆడవాళ్లు ఆయన కింద పనిచేస్తారు.

2020 దీపావళి తర్వాత ఐటీ కంపెనీ తరఫున నేను అక్కడికి వెళ్లాను. లాక్‌డౌన్‌లో సరుకు కదలక దెబ్బతిన్న యజమాని సేఠ్‌కు ఒకటి తేలాలి: ఊరికి దూరంగా పల్సానాలో ఒకే పెద్ద గోదామా, ఊళ్లో మూడు చిన్నవా? తేల్చే పద్ధతి నాది. అంశాలను రెండేసి పక్కపక్కన పెట్టి అడుగుతాను. అద్దె ముఖ్యమా, లారీ దారి ముఖ్యమా? ఎంత ముఖ్యమో ఒకటి నుంచి తొమ్మిదిలోపు అంకె చెప్పాలి. జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే లెక్కలో దొరికిపోతాయి. మేనేజర్లవే పొసగలేదు. అంబదాస్‌వి ఎక్కడా తప్పలేదు. నేను మురిసిపోయి అందరి ముందూ మెచ్చుకున్నాను.

లెక్కలో పల్సానా గెలిచింది. ఆ మాట వినగానే అంబదాస్ చీరల మూట మీద కూలబడ్డాడు.

"గిట్లయితే నర్సవ్వ పనికెట్ల వస్తది బిడ్డా?"

నర్సవ్వ మడత పని మనిషి. ఆగస్టులో కరోనాకు భర్త పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆటోలు సరిగా లేవు, పల్సానా నడిచే దూరం కాదు.

"మరి అద్దెకు అంత పెద్ద అంకె ఎందుకు చెప్పారు?" అని కసిరాను.

"సేఠ్ ఏం చెప్తడో గదే చెప్పిన. ఆయన దగ్గర పనిజేస్కుంట వేరే మాట చెప్తమా? మనుషుల గురించి మీరు అడగనే లేదాయె."

నాకు సిగ్గేసింది. అన్నీ సేఠ్ మనసులోని జవాబులే కాబట్టి అంత చక్కగా పొసిగాయి. నా పట్టికలో అద్దె ఉంది, లారీ ఉంది, పనివాళ్ల నడక లేదు. ఆ వరుస చేర్చి మళ్లీ అడుగుతానన్నాను. సేఠ్ ముఖం చిట్లించి సరేనన్నాడు, కానీ గదిలోంచి కదల్లేదు. అంబదాస్ ఆయన ఎదుటే నిలబడ్డాడు.

"అద్దె ముఖ్యమా, నడక ముఖ్యమా?"

"నడక."

"ఎంత?"

"తొమ్మిది. ఆపైన ఉంటే గదే రాయి."

గోదామంతా వినపడింది. ఈసారి ఆయన జవాబులు రెండుచోట్ల పొసగలేదు, కూర్చుని సరిచేసుకున్నాం. మూడు చిన్న గోదాములు కొద్ది తేడాతో గెలిచాయి. సేఠ్ అంబదాస్ వైపు ఒకసారి చూసి సంతకం పెట్టాడు.

సోమవారం నర్సవ్వ ఎప్పటిలాగే నడిచొచ్చింది. పది నిమిషాలు ఆలస్యమైందని అంబదాస్ వీధి చివరిదాకా వినపడేలా ఆమెను కసిరాడు.