గోధుమరంగు మడ్డి

కశింకోట చుట్టుపక్కల బెల్లం వండడంలో కన్నబాబుకి పెద్ద పేరు. పెనంలో పాకం పొంగు చూసి, దింపే అదను ఇట్టే చెప్పేవాడు. మనిషి మంచోడే. కాకపోతే ‘నాకు తెలీదు’ అన్న మాట అతని నోట ఏనాడూ రాలేదు. అదే కొంప ముంచింది.

గానుగలు ఒక్కొక్కటే మూతబడ్డాక అనకాపల్లి వచ్చి, బజారులో బెల్లం దిమ్మలు మోశాడు. నడుము పడిపోయింది. అప్పుడు తగిలాడు పాత సామాన్లు కొనే బాబ్జి. కంప్యూటర్ బోర్డులకి బంగారం పూత ఉంటుందట. ఆసిడ్‌లో కరిగించి, తేర్చి, పొడి వేస్తే అడుక్కి దిగుతుందట.

“బెల్లం తెల్లబడ్డానికి మేం సల్లే పొడి లాటిదేనా?”

“అలాటిదే మామ.”

“అయితే నాకు సెప్పక్కర్లేదు,” అని లేచిపోయాడు కన్నబాబు. మిగతాది వింటే నామోషీ కాబోలు.

బోర్డులు కొనడానికి భార్య పైడితల్లి పుస్తెలు అమ్మాడు. ఆమె పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుంది.

“ఇంతకి రెండింతలు సేయిత్తాను.”

“రెండింతలొద్దు. నావి నాకు తెచ్చియ్యి, సాలు.”

ఆనాటి నుంచి ఎవరు పేరంటానికి పిలిచినా ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోయేది.

పెరట్లో బకెట్లు పెట్టాడు. పొగ గొంతులోకి దిగి దగ్గు పట్టుకుంది. వేళ్ల మీద తోలు ఊడింది. ఇరుగుపొరుగు తిట్టిపోశారు. అయినా వదల్లేదు. చివరికి తేర్చిన నీళ్లలో పొడి వేసి, పచ్చగా తళతళలాడుతూ బంగారం దిగుతుందని కళ్లప్పగించి కూర్చున్నాడు.

దిగింది గోధుమరంగు బురద. పుల్లతో కెలికాడు. మచ్చుకైనా మెరుపు లేదు. బెల్లం పెనంలో అలాంటిది కనబడితే ఏం చెయ్యాలో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అది మడ్డి. మడ్డి ఉంచితే సరుకు పాడవుతుంది. ఎంతటి పనివాడైనా దాన్ని తీసి పారేస్తాడు.

“పోసీమంటావా?” అంది పైడితల్లి.

“పోసీ. మడ్డది.”

ఆమే బకెట్టు ఎత్తుకెళ్లి వీధి కాలవలో కుమ్మరించింది. వాసన రాకూడదని వెనకాలే మరో బిందెడు నీళ్లు పోసింది.

మర్నాడు బాబ్జి వచ్చాడు. అప్పటికి పైడితల్లి నీళ్లకని కుళాయి దగ్గరికి వెళ్లి ఉంది.

“అడుక్కి దిగిన మట్టి కడిగేవా మామ?”

“ఏ మట్టి?”

“గోధుమరంగుది. బంగారం అలాగే దిగుతాది. కొలిమిలో కరిగిత్తేనే పచ్చబడతాది.”

కన్నబాబు గబగబా వెళ్లి కాలవలో మోచేతుల దాకా పెట్టి దేవాడు. జుట్టు, టీ గ్లాసులు, నల్లటి బురద వచ్చాయి. బాబ్జి కాసేపు చూసి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

పైడితల్లి బిందె దించుతూ అడిగింది.

“బాబ్జి ఏటన్నాడు?”

కన్నబాబు ఆ బిందెలో నీళ్లు ముంచి మోచేతుల దాకా కడుక్కున్నాడు.

“ఆ బోర్డుల్లో బంగారమే లేదంట,” అన్నాడు చివరికి.

పుస్తెలు ఇక రావని ఆమెకి అర్థమైంది. గుమ్మంలో కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత తనే లేచి అతనికి కంచం పెట్టింది.

“పోన్లే. నా సేత్తో నేనే పారబోసేసేనేమోనని నిన్నట్నుంచీ ఒకటే బెంగ. ఇప్పుడు మనసు కుదటపడింది. తిను.”

కన్నబాబు తిన్నాడు.