గడప వారన కొండకలువ

నా మొదటి భార్య ముట్టుతో పూలపాదు తొక్కి ఇంటికి కీడు తెచ్చిందని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. రంగూన్‌లో అన్నారు, ఊళ్ళోనూ అన్నారు. అది నిజం కాదు.

పందొమ్మిదివందల ఇరవైల్లో, మావాళ్ళు రంగం అనే రంగూన్ రేవులో నేను కూలీల మేస్త్రీని. లత అనే పేట వైపు ఒక సందులో, కింది గదిలో, అమ్మ, నా భార్య, మాటలింకా రాని మా పిల్ల, నేను ఉండేవాళ్ళం. గది వెనక చాపంత నేల. అమ్మ గంజాం కొండల్లోని కొండకలువ దుంపలు కొంగున కట్టుకుని ఓడెక్కి వచ్చి, అక్కడ పాతింది. చలికాలానికి ఆకు ఎండి మాయమై నేల బోడిగా ఉండేది. ఎండలు ముదిరి, బర్మావాళ్ళ నీళ్ళ పండగ దగ్గరపడే వేళకి, ఆకు లేకుండానే మట్టిలోంచి తెలుపూ ఊదా పూలు లేచేవి. పొద్దున విచ్చిన పూవు మర్నాటికి ఉండదు. పక్షం తిరక్కుండా అన్నీ అయిపోయేవి. తొలిపూవు అమ్మవారికి పెట్టేదాకా అమ్మకి మనసు నిలిచేది కాదు.

ఆ ఏడు పూలు రాలేదు.

"ముట్టుతో అటెల్నావేటే?" అంది అమ్మ.

"నేదత్తా. నాను ఆ పక్కకే పోనేదు."

"మరి బూమి మింగీసిందా?"

నా భార్య నావైపు చూసింది. నేను అన్నం కలుపుతూ నవ్వాను. "అడివి మొక్క కదే అమ్మా, రంగం నీళ్ళు పడనేదేమో."

"ఇన్నేళ్ళూ పడ్డ నీళ్ళు ఈ ఏడే సేదయ్యాయేటి?"

చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. చలికాలంలో గడప ముందు గుంట పూడ్చడానికి వెనకనుంచి మట్టి తవ్వి తెచ్చింది నేనే. బోడి నేల కదా అని, మట్టిలో ఏముందో చూడలేదు. అప్పుడే చెప్పొచ్చు. అమ్మ నోటికి భయపడి రేపు చెబుదామనుకున్నాను.

ఆ వారంలోనే పిల్లకి అమ్మవారు పోసింది. బతకలేదు. ఇక నిజం చెబితే పిల్ల చావు నా మీదకి వస్తుందనిపించింది. అది నా భార్య మీదకి పోయింది. సందులో ఆడవాళ్ళు ఆమెని కుళాయి దగ్గరికి రానివ్వలేదు. ఓడెక్కించి పుట్టింటికి పంపెయ్యమంది అమ్మ.

రేవులో నా భార్య అడిగింది: "నువ్వు కూడా నమ్మినావా?"

"వానలెలిపోయాక వచ్చి తీసుకొస్తాను," అన్నాను. ఆమె అడిగింది అది కాదు.

కొన్నాళ్ళకి, తొలివాన పడ్డాక, ఒక పొద్దున అమ్మ గడప దాటబోయి ఆగిపోయింది. తొక్కుడుకి గట్టిపడ్డ మట్టిని చీల్చుకుని, గడప వారన, ఒక కొండకలువ.

"ఈ మట్టి నువ్వే కదరా పోసినావు?"

"అవునమ్మా."

అమ్మ ఆ పూవు కొయ్యలేదు. "దాన్ని రప్పించీ. జనంతోటి నాను సెప్తాను."

"వానలు పోనీ అమ్మా."

వానలు పోకముందే, ఓడ దిగిన మా ఊరివాడొకడు చెప్పాడు, నా భార్య జ్వరంతో పోయిందని.

ఆ పూవు చుట్టూ ఎవరూ తొక్కకుండా అమ్మ ఇటుకలు పేర్చింది. ఏటా పూసేది. అమ్మవారికి మాత్రం మళ్ళీ పెట్టలేదు. ఇటుకలెందుకని వచ్చినవాళ్ళు అడిగితే తను చెప్పకుండా నావైపు చూసేది, నేనే చెప్పాలన్నట్టు. నేను వేరే మాట ఎత్తేవాణ్ణి.