పాటకు ముందు ఊపిరి

మొన్న నిజామాబాదు నుంచి రిపేరు షాపాయన ఫోన్ చేశాడు. నా పాత కీబోర్డు తెర మసకబారి, సగం మెట్లు మూగబోయి, ఆయన బల్ల మీద పడుకుని నెల దాటింది. దాన్ని బాగుచేయడం ఇక తన వల్ల కాదని, లోపల నేను దాచుకున్న శబ్దాలను మాత్రం కొత్త కీబోర్డులోకి ఎక్కిస్తానని మాటిచ్చాడు. "అన్నా, ఎవలో ఆడామె పాట ఉన్నది గదా, ప్రతి వరుస ముంగట గాలి సప్పుడొస్తున్నది. సాఫు జేసి ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు. ముట్టుకోవద్దని కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పాపం, ఆయన రెండుసార్లు సారీ చెప్పాడు. ఆయనకేం తెలుసు, ఆ గాలిని ఒకసారి సాఫు చేసి చెంపలేసుకున్నవాణ్ణి నేనేనని.

బోధన్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో కీబోర్డు వాయించడం నా బతుకుతెరువు. ఆ కీబోర్డు నా చేతికి వచ్చేటప్పటికే ఇంకొకరి చేతుల్లో అరిగింది. అయినా దానికొక విద్య ఉండేది. మైకు పెట్టి ఏ శబ్దాన్నైనా పట్టి, కావలసిన ముక్క కత్తిరించి, ఒక మెట్టుకు కట్టేయవచ్చు. ఆ మెట్టు నొక్కితే అదే పలుకుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చెరకు బండి ఎద్దుల మెడగంటలు, కాలువ తూము దగ్గర నిజాంసాగర్ నీళ్లు, ఆఖరికి మా బావ తుమ్ము కూడా పట్టి దాచాను. ఆయన తుమ్మితే వీధి చివర కోళ్లు లేచేవి. ఒకసారి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో పెళ్లి. సరిగ్గా తలంబ్రాల వేళ నా వేలు జారి బావ తుమ్ము మీద పడింది. పెళ్లికూతురి మేనత్త "ఎవరండీ ఆ తుమ్మింది?" అంటూ పందిరంతా కలయజూసింది. నేనూ ఆమెతో పాటు నాలుగు దిక్కులూ చూశాను.

ఆ తుమ్ముల బావ ఇల్లాలే మా అక్క. మా వాడకట్టు బతుకమ్మకు పాట చెప్పేది ఆమే. ఆమె ఒక వరుస పాడితే, చుట్టూ తిరిగే ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ అందుకునేవారు. ఒక ఏడు వానాకాలంలో ఆమె గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషను తరువాత మాట వస్తుందేమో కానీ పాట మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటికే వాడకట్టులో కొందరు డీజే డబ్బాలు తెద్దామని ఉబలాటపడుతున్నారు. అక్క ఏడవలేదు. ఆపరేషనుకు వారం ముందు మా ఇంటికొచ్చి కూర్చుంది. "తమ్మీ, మీ బావ తుమ్ముకే జాగ ఇచ్చినవ్. నా పాటకు ఇయ్యవా?" అంది.

వెనక గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, రోడ్డు మీద లారీ వచ్చినప్పుడల్లా ఆగుతూ, చెమటలు కక్కుతూ రెండు రోజులు పట్టాం. ఒక్కో వరుస ఒక్కో మెట్టుకు. ఆ తరువాత నా పనితనం మొదలైంది. చిన్న తెర మీద శబ్దం గీతలు గీతలుగా కనిపిస్తుంది. తెర పక్కనున్న చక్రం తిప్పుతూ మొదలు ఎక్కడో, చివర ఎక్కడో చూసి గుర్తు పెట్టాలి. ప్రతి వరుసకు ముందు అక్క ఊపిరి తీసుకునే బుస్సుమనే చప్పుడు. నాకది బియ్యంలో రాయిలా తోచింది. ఒక్కటీ వదలకుండా ఏరిపారేశాను. కీబోర్డులో జాగా తక్కువ కాబట్టి కత్తిరించినవి దాచి, అసలువి చెరిపేశాను. అక్క పాట అంత శుభ్రంగా ఎప్పుడూ లేదని మురిసిపోయాను కూడా.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు స్పీకరు పెట్టి మెట్టు నొక్కాను. అక్క గొంతు ఖంగుమంది. కానీ ఆడవాళ్లు కొందరు ముందుగా, కొందరు వెనకగా అందుకున్నారు. చప్పట్లు చెదిరిపోయాయి, అడుగులు తడబడ్డాయి. మళ్లీ నొక్కినా అదే తీరు. ఇంతకంటే డీజే నయమని ఎవరో అననే అన్నారు. గొంతుకు కట్టు కట్టుకుని అరుగు మీద కూర్చున్న అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. ఆపరేషను తరువాత ఆమెకు మిగిలింది గుసగుస ఒక్కటే.

"నా దమ్మేది తమ్మీ? నేను దమ్ము గుంజంగనే ఆళ్ల చేతులు లేస్తయి. అది లేకుంటే ఎప్పుడు మొదలువెట్టాల్నో ఆళ్లకెట్ల ఎరుకైతది?"

ఇరవై ఏళ్లుగా పక్కనే ఉండి విన్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదు. కచరా అనుకుని తీసేశానని, అసలువి కూడా లేవని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పోయిన గొంతును ఎక్కడి నుంచి తెస్తాను? అక్క నా భుజం మీద చెయ్యేసి, "పోయింది గొంతే గదా. దమ్ము ఇంక ఉన్నది. రేపు మైకు వెట్టు" అంది.

తెల్లారి మళ్లీ బొంతలు కట్టాం. ఒక్క ఊపిరి చాలు, అన్నిటికీ అదే అతికిస్తానన్నాను. వడ్లకూ జొన్నలకూ ఒకటే జల్లెడ పడతారా అన్నట్టు చూసి, వరుసకొకటి కావాలని పట్టుబట్టింది. కళ్లు మూసుకుని, చప్పట్లకు చేతులెత్తి, వరుసను మనసులో మొదలుపెట్టేది. పొడుగు వరుసకు పెద్ద ఊపిరి, పొట్టిదానికి చిన్నది. ఊపిరి తీసుకున్నాక పెదవులు కదిలేవి, శబ్దం మాత్రం వచ్చేది కాదు. చక్రం తిప్పుతున్న నాకు తెర కనిపించలేదు, కళ్లు అట్లా నిండిపోయాయి. ఆ సాయంత్రం మెట్టు నొక్కగానే స్పీకరులోంచి ముందు ఊపిరి వచ్చింది. ఆడవాళ్ల చేతులన్నీ ఒక్కసారే లేచాయి. అక్క కూడా చుట్టూ తిరిగేవాళ్లలో కలిసి, తన పాటను తానే అందుకుంటూ చప్పట్లు కొట్టింది.

అక్క పోయి మూడేళ్లయింది. ఆమెను ఎన్నడూ చూడని కొత్త కోడళ్లు ఇప్పటికీ ఆ ఊపిరి వినగానే చేతులెత్తుతారు. ఎవరు నేర్పారని అడిగితే చెప్పలేరు. నిన్న షాపాయన కొత్త కీబోర్డు తెచ్చిచ్చాడు. అన్నీ ఎక్కాయో లేదోనని ఒక్కడినే కూర్చుని మొదటి మెట్టు నొక్కి విన్నాను. ముందు వచ్చే ఊపిరి ఆపరేషను తరువాతది, తరువాత వచ్చే పాట ఆపరేషనుకు ముందుది. ఆ రెంటికీ మధ్య గొంతు పోయిన సంగతి అక్కడ వినిపించదు. కాలం వెనక్కి నడవగా నేను విన్నది ఆ మెట్ల మీదనే.