పెద్దమ్మ దాచుకున్న దూది

మా పెద్దమ్మ పోయిందని పోయిన సోమవారం పొద్దున తొర్రూరు నుంచి ఫోన్ వచ్చింది. వరంగల్‌లో బస్సెక్కి కూర్చున్నాక ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆమెకు ఇచ్చిన మాటొకటి నేను నిలబెట్టుకోలేదు.

ఆమె మా అమ్మకు అక్క. తొర్రూరు పక్క పల్లెలో బతుకంతా పత్తి చేన్లలోనే గడిపింది. మాట కటువు, చెయ్యి పెద్దది. ఇంటికి ఎవరొచ్చినా తిన్నావా అని అడిగేది కాదు, ముందే పళ్లెం పెట్టేసేది. "అడిగితె సిగ్గుపడి తిన్నమంటరు. పెడితె తింటరు" అనేది. అన్నం కలిపే ముందు అరచేతులు వాసన చూసుకునేది. చేనుకు మందు కొట్టడం మానేసి ఏళ్లయినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొన్నేళ్ల కిందట ఒక సర్వే బృందం నన్ను పనిలో పెట్టుకుంది. ఎప్పుడో వాడి మానేసిన పురుగుమందులు కూడా ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్లకేళ్లు ఉండిపోతాయి. అవి ఎంత మిగిలాయో నెత్తురులో కొలవాలని వాళ్లు పెద్దమ్మ ఊరికి వచ్చారు. ఊళ్లో ఒక్కరూ చెయ్యి చాపలేదు. నెత్తురు పట్నంలో అమ్ముకుంటారని పుకారు. అప్పుడు బృందాన్ని నడిపే సార్ నన్ను పక్కకు పిలిచి, "మీవాళ్ల ఊరే కదమ్మా, రెండు నెలల్లో ఎవరి రిపోర్టు వాళ్లకిస్తామని నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పాను.

మేం నెత్తురు తీసే బడి వరండాలో పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా బిడ్డ సూది పెడ్తాంది. భయమైనోళ్లు నన్ను సూడుండ్రి" అని అందరికీ వినబడేలా చెప్పింది. నాకు మాత్రమే వినబడేలా తన కూతురి గురించి ఇంకో మాట అడిగింది.

"మీ అక్క చిన్నగున్నప్పుడు వడ్ల గుమ్మిల పురుగు పట్టకుంట డీడీటీ పొడి సల్లేదాన్ని. దాని నెత్తిల పేలకు గూడ గదే రాసిన. పెండ్లయినంక దానికి మూడుసార్లు కడుపు నిలువలే. నేనే చేసిన్నా బిడ్డా?"

ఆ మందు ఇంకా ఒంట్లో ఉండొచ్చన్నాను. "అంటే గుమ్మిల పురుగు సచ్చింది గని, మందు నాల బతికే ఉన్నదా?" అంది. ఎంత ఉందో తెలుస్తుంది గానీ, అక్కకు దానివల్లే అలా అయిందో లేదో ఈ పరీక్ష చెప్పదన్నాను.

"గంతన్న తెలువనియ్. తెలువక రోజుకో తీరు అనుకుంటాన."

నెత్తురు తీశాక దూది అద్ది, "గట్టిగ పట్టుకో పెద్దమ్మా, నేను చెప్పేదాక వదలకు" అన్నాను. "మన పత్తేనా ఇది?" అని నవ్వింది. నంబరు చీటీ ఇస్తే దాని వెనక గడువు రాయించుకుంది. 'రెండు నెలలు' అని రాసిచ్చాను. ఆమె వెనక ఆడవాళ్లంతా వరుస కట్టారు.

రెండు నెలలు దాటాయి, ఆరు దాటాయి. పెద్దమ్మ ఫోన్‌లో ప్రతిసారీ ఒకటే అడిగేది: "నా నెత్తురు ఏం జెప్పింది?" సార్ ఫోన్ ఎత్తడం మానేస్తే ఆఫీసుకే వెళ్లాను. టీ తెప్పించి, "ఒక్కొక్కరికీ రిపోర్టులిచ్చే పద్ధతి మాకు లేదమ్మా, నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మీరే కదా సార్ అంటే కిటికీ వైపు చూశాడు. గోడ మీద పెద్ద చార్టు, అందులో మా పెద్దమ్మ ఊరి పేరు. ఊరందరికీ కలిపి ఒకటే గీత.

ఆ సంగతి ఊరికొచ్చి చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. "వస్తది పెద్దమ్మా" అంటూనే వచ్చాను. సార్ ఒక్కసారి అబద్ధమాడాడు, నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆడాను. కల్లాల కాడ ఆడవాళ్లు "ఏరు దాటెదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య" అని నన్ను దెప్పితే, "నా బిడ్డ అబద్ధమాడదు" అని పెద్దమ్మ వాళ్లమీదికి పోయిందట.

పెద్దమ్మ పోయిన మూడో రోజు అక్క, అంటే ఆమె కూతురు, ఆకువక్కల డబ్బాలోంచి చిన్న ప్లాస్టిక్ కవర్ తీసి నా చేతిలో పెట్టింది. అందులో ఆ నంబరు చీటీ, చిన్న దూది ముక్క. దూది మీద జొన్నగింజంత గోధుమరంగు మరక.

"ఆ నెత్తురు సీసా వాళ్లు ఎక్కడన్న పారేసుకుంటె నువ్వు దీన్ని పరీక్ష జేస్తవని అమ్మ అన్నది. ఇన్నేండ్లు దాసింది. తెలుస్తదా?"

"తెలువదక్కా. దీంతోని ఏం తెలువది. వాళ్లు గూడ రిపోర్టు ఇయ్యరు. నాకెప్పుడో తెలుసు."

అక్క కొంగు లాక్కుని చేతులు కప్పుకుంది.

ఆ కవర్ ఇప్పుడు నా ముందే ఉంది. ఆనాడు బడిలో నేను అద్దిన దూదే ఇది. గట్టిగా పట్టుకోమన్నాను, పట్టుకుంది. వదలమని నేను చెప్పనే లేదు.